వ్యాయామం మొదలైన తొలి సెకన్లలో కండరం ఎంత ఆక్సిజన్ వాడుతోంది? మాస్కును నమ్మాలా, సెన్సర్‌నా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. పీజీ ప్రాజెక్టు కోసం తొడ ముందు కండరం మీద నియర్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ (కాంతితో కండరంలోని రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది) అతికించి, ముఖానికి ఊపిరి ద్వారా ఒంటి ఆక్సిజన్ వాడకం కొలిచే మాస్కు పెట్టి సైకిల్ తొక్కిస్తున్నాను. లోడ్ పెంచగానే మాస్కు రీడింగ్ ఒక్కసారిగా ఎగబాకుతోంది. సెన్సర్‌లో మాత్రం మొదటి కొన్ని సెకన్లు ఆక్సిజన్ శాతం కదలడం లేదు, ఒక్కోసారి కాస్త పెరుగుతోంది కూడా. ఏది నిజం? గైడ్‌కి గ్రాఫులు చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ పడకండి, రెండు పరికరాలూ సరిగ్గానే పనిచేస్తున్నాయి. కాకపోతే ఆ తొలి సెకన్లలో రెండింటిలో ఏదీ కండరం వాడకాన్ని చూపదు.

ముందు మాస్కు సంగతి. తొక్కడం మొదలవగానే గుండె జోరందుకుని ఊపిరితిత్తుల్లోకి ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. రీడింగ్ వెంటనే పెరిగేది అందుకే. పనిచేసిన కండరం నుంచి ఆక్సిజన్ తగ్గిన రక్తం అక్కడికి చేరేసరికి దాదాపు 15–20 సెకన్లు అవుతుంది. అందుకే లెక్క కట్టేటప్పుడు మొదటి 20 సెకన్ల డేటా వదిలేస్తారు.

సెన్సర్ చూపేది తొట్టిలో నీటిమట్టం లాంటిది. పైనుంచి ఎంత పడుతోందో, కిందనుంచి ఎంత పోతోందో మట్టం చూసి చెప్పలేం. కండరం వాడకం పెరిగినా, రక్తం అంతకు తగ్గట్టు వచ్చిపడితే శాతం కదలదు. 1996లో గ్రాస్సీ అనే పరిశోధకుడి బృందం తొడ సిర రక్తాన్ని, కాలికి వెళ్ళే రక్తప్రవాహాన్ని నేరుగా కొలిచింది. ప్రవాహం వెంటనే పెరిగింది. ధమని, సిర రక్తాల ఆక్సిజన్ తేడా మాత్రం మొదటి 10–15 సెకన్లు పెరగలేదు. మీ గ్రాఫులో కనిపిస్తున్నదీ అదే.

మళ్ళీ ప్రశ్న: చాలా థాంక్స్ అండి. మరి వాడకాన్నే విడిగా కొలవాలంటే?

జవాబు: రాకను ఆపాలి. తొడ పైభాగాన వెడల్పాటి కఫ్ కట్టి, లోపలికి రక్తం రాకుండా 250–300 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి చప్పున ఊదించి, 5–10 సెకన్లు ఉంచండి. ఆ కాసేపట్లో ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ గీత ఎంత వాలుగా దిగితే వాడకం అంత. మొత్తం హిమోగ్లోబిన్ గీత మీద ఓ కన్నేసి ఉంచండి. అది బల్లపరుపుగా ఉండాలి. పైకి పోతోందంటే సిరలు మూసుకున్నాయి కానీ ధమని మూసుకోలేదు, ఆ రీడింగ్ పనికిరాదు.

కఫ్ బిగించి తొక్కించలేరు కదా. ఒక్కో విడతను ఒక్కోచోట, 10, 20, 40, 60 సెకన్ల దగ్గర ఆపించి, ఆపిన క్షణమే కఫ్ ఊదండి. ఓపిక కావాలి, కానీ దీనివల్ల వచ్చే గీత నిజంగా కండరానిది. రక్తం గడ్డకట్టే సమస్య, అధిక రక్తపోటు, కాళ్ళలో ఉబ్బిన సిరలు ఉన్నవాళ్ళకు మాత్రం కఫ్ వద్దే వద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా అసలు మొదలుపెట్టకండి.

ఇంకొకరు: కొవ్వు పొర మందం కూడా కొలవండి, చాలామంది వదిలేస్తారు. కాంతి పంపే చోటికీ పట్టుకునే చోటికీ 30 మిల్లీమీటర్ల దూరం ఉంటే, కాంతి దాదాపు 15 మిల్లీమీటర్ల లోతు వరకే చూస్తుంది. క్యాలిపర్‌తో చర్మపు మడత 20 వచ్చిందంటే, అది రెండు పొరలు కాబట్టి పైపొర 10. కండరానికి మిగిలింది 5 మిల్లీమీటర్లే.

మొదట జవాబిచ్చినవారు: మంచి మాట చెప్పారు. మాస్కు డేటా గురించి ఇంకొక్కటి. ఊపిరి ఊపిరికీ విలువలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అందుకే లాక్టేట్ (కండరం గట్టిగా పనిచేస్తే రక్తంలో పెరిగే పదార్థం) పెరగని తేలిక లోడ్ మీద ఒకే పరీక్షను మూడు నాలుగుసార్లు చేయించి, సెకనుకో విలువగా మార్చి సగటు తీయండి. ఆ తర్వాతే వక్రరేఖ అమర్చండి. ఆక్సిజన్ వాడకం నిమిషానికి 0.8 లీటర్ల నుంచి 1.8కి పెరిగే వ్యక్తిలో టైమ్ కాన్‌స్టంట్ (పెరుగుదల ఎంత వేగంగా వస్తుందో చెప్పే సమయం) 30 సెకన్లు అనుకోండి. పెరుగుదలలో 63 శాతం మొదటి అర నిమిషంలో వస్తుంది, రెండు నిమిషాలకు 98 శాతం. ఈలోగా ఆక్సిజన్ లోటు సుమారు అరలీటరు. దాన్ని ఎక్కువగా ఫాస్ఫోక్రియాటిన్ (కండరంలో ఉండే తక్షణ శక్తి నిల్వ), కొంత గ్లైకాలిసిస్ (ఆక్సిజన్ లేకుండా చక్కెరను విడగొట్టి శక్తి తీయడం) పూడుస్తాయి. గైడ్‌కి మాస్కు గ్రాఫు చూపేటప్పుడు ఆ 20 సెకన్ల భాగాన్ని వేరే రంగులో పెట్టి, ఎందుకు వదిలేశారో కిందే రాయండి.