సంతకం ఒక్కటే ఉన్న ప్రతి మేలా, ఎవరి పేరో రాసి ఇచ్చిన ప్రతి మేలా?

కొత్త సేకర్త: పాత డిటెక్టివ్ నవలల మొదటి ముద్రణలు, రచయిత సంతకంతో ఉన్నవి వెతుకుతున్నాను. "ఫలానావారికి, అభిమానంతో" అని రాసి ఉన్న ప్రతులు కొనొద్దంటున్నారు కొందరు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పేరు మన పుస్తకంలో ఎందుకని వాళ్ల వాదన. మీరేమంటారు?

పాత అట్ట: నా ఓటు పేరు రాసి ఇచ్చిన ప్రతికే, తేదీ కూడా ఉంటే మరీ మంచిది. అసలు బెడదంతా దొంగ సంతకాలతోనే కదా. ఒక్క సంతకాన్ని సాధన చేసి దించెయ్యడం వేరు, రెండు పంక్తులు ఆ రచయిత చేతిరాతలో, చెయ్యి తడబడకుండా రాయడం వేరు. పోల్చి చూడ్డానికి మనకీ ఎక్కువ అక్షరాలు దొరుకుతాయి.

ఇక తేదీ సంగతి. అమెరికన్ డిటెక్టివ్ రచయిత చాండ్లర్ నవల 'ది బిగ్ స్లీప్' వచ్చింది 1939లో, బాల్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945లో. 1939 అని తేదీ వేసిన సంతకం బాల్ పెన్నుతో ఉంటే అది దొంగదే. పేజీని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని భూతద్దంలో చూడండి, బాల్ పెన్ను కాగితంలో సన్నని గాడి చేస్తుంది, ఇంకు పెన్ను సిరా అయితే కాగితంలోకి ఇంకి అంచుల్లో కాస్త పాకుతుంది. తేదీ లేకపోతే ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే చాండ్లర్ 1959 దాకా ఉన్నాడు, ఆ పాత పుస్తకం మీద తర్వాతెప్పుడో బాల్ పెన్నుతో సంతకం చేసి ఉండొచ్చు.

భూతద్దం: అంతా బాగానే ఉంది, మరి అమ్మాలనుకున్నప్పుడో? కొనేవాళ్లు ఉత్త సంతకమే అడుగుతారండీ.

పాత అట్ట: ఇప్పుడు రాస్తున్నవాళ్ల పుస్తకాలైతే మీ మాటే నిజం, అక్కడ దొంగ సంతకం భయం తక్కువ. పాతవాటికి ఆ లెక్క నప్పదు. పైగా ఆ పేరు రచయితకి దగ్గరివాళ్లదైతే ప్రతి విలువే మారిపోతుంది. ఇంకో అమెరికన్ డిటెక్టివ్ రచయిత హామెట్ తన నవల 'ది థిన్ మ్యాన్' (1934)ని తన సహచరి, నాటక రచయిత్రి లిలియన్ హెల్‌మన్‌కి అంకితమిచ్చాడు, అదే పుస్తకం మీద ఆమె పేరు రాసి ఇచ్చిన ప్రతి దొరికితే పేరుందని ఎవరైనా వద్దంటారా?

నాకు ఒళ్లు మండేది ఇంకొకటి ఉంది. ఉత్త సంతకానికి గిరాకీ అని చెప్పి, పేరున్న పంక్తిని గీకేసి, లేదా పేజీ పైభాగం కత్తిరించేసి అమ్ముతున్నారు. ఆ పుస్తకం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే ఆధారం దాంతో పోయినట్టే. సంతకం ఫోటో ఒక్కటే పెడితే నమ్మకండి, పేజీ మొత్తం, నాలుగు అంచులూ కనిపించేలా ఫోటో అడగండి. సంతకం ఉన్నది పుస్తకంలోని పేజీ మీదేనా, తర్వాత అతికించిన చీటీ మీదా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.