మానవతా సమస్యలపై ప్రాజెక్టులు: విద్యార్థులను ఎలా కదిలించాలి?

ల్యాబ్ టీచర్:
చివరి ఏడాది ప్రాజెక్టులు చూసుకునే బాధ్యత నాది. ముఖం గుర్తుపట్టి హాజరు వేసే యంత్రం ఏటా వస్తుంది. నివేదిక అదే, అట్ట మారుతుంది. ఈసారి విపత్తులు, శరణార్థి శిబిరాలకు సంబంధించిన అంశాలు ఇద్దామనుకుంటున్నాను. ఉపన్యాసమిస్తే తలలూపుతారు, గది దాటగానే ‘దీనికి మార్కులు పడతాయా?’ అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నీళ్ల ఇంజినీర్:
సేవాభావం గురించి చెప్పకండి మేడం, లెక్క ఇవ్వండి. శిబిరాల్లో మాకు ‘స్ఫియర్’ ప్రమాణాలుంటాయి, అంటే సహాయక సంస్థలు కలిసి రాసుకున్న కనీస ప్రమాణాలు: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, ఒక్కో కుళాయికి 250 మందికి మించకూడదు, ధార నిమిషానికి 7.5 లీటర్లు. గుణించడం వాళ్లకే వదిలేయండి. 250 మందికి 3,750 లీటర్లు రావాలంటే ఆ కుళాయి 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటలకు పైగా ఆగకుండా పారాలి. 20 లీటర్ల క్యాను నిండడానికే 2 నిమిషాల 40 సెకన్లు. నిండిన క్యాను తీసి ఖాళీది పెట్టే సమయం ఇందులో కలపలేదు! వరుసలో ఎవరూ అరగంటకు మించి నిలబడకూడదన్నదీ ప్రమాణమే. మరి ధార సగానికి పడిపోతే? ట్యాంకు ఎంత ఎత్తున ఉండాలి, గొట్టం ఎంత లావుండాలి అని వాళ్లే మీ వెంటపడతారు. ఉత్త జాలితో మొదలైనవి పోస్టరు దగ్గరే ఆగిపోవడం చాలా చూశాను.

పటాల విద్యార్థి:
ల్యాబు నుంచి కదలకుండా చేసే పని కూడా ఉంది. 2010 హైతీ భూకంపం తర్వాత వందలాది వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి ఎవరైనా దిద్దగల ఉచిత ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అక్కడి వీధులు గీశారు. సహాయక బృందాలు ఆ పటాలు వాడుకున్నాయి. పైకప్పు నీడను కూడా ఇల్లనుకుని గీసేసే కొత్తవాళ్లుంటారు, తనిఖీ తప్పనిసరి. మీ ప్రోగ్రామింగ్ పిల్లలకు ఆ తనిఖీయే మంచి ప్రాజెక్టు.

ల్యాబ్ టీచర్:
కుళాయి లెక్క రేపే బోర్డు మీద వేస్తాను. కానీ కొత్తగా ఏదైనా కనిపెట్టకపోతే పరీక్షకులు ఒప్పుకోరే!

నీళ్ల ఇంజినీర్:
వాళ్లకు ప్లేపంప్ కథ చెప్పండి. పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీళ్లు పైకెక్కే పంపు, దక్షిణాఫ్రికాలో పుట్టింది. విరాళాలు బాగానే వచ్చాయి. కానీ పిల్లలు ఆడని వేళ ఆడవాళ్లు ఆ చక్రాన్ని నెట్టాల్సి వచ్చింది. పాడైతే బాగుచేసే దిక్కు లేదు. ఇక ఇండియా మార్క్ 2 చేతిపంపు చూడండి. లోపల పిస్టన్ వాషరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి. దాన్నే మెరుగుపరిచిన మార్క్ 3లో గొట్టాలు కదపకుండానే పిస్టన్ బయటికి వస్తుంది. ఇందులో కొత్తదనం లేదనే పరీక్షకుడుంటే నా దగ్గరికి పంపండి, గొట్టాలు లాగిస్తాను.