వయసుతో ఎంబీపీ గ్రాఫు పెరుగుతోంది: జన్యువు చురుకైందని రాయవచ్చా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, హనుమకొండ)

నమస్కారం. నేను జీవశాస్త్రంలో పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. మానవ మెదడు కణజాలం నా వంటి వారికి దొరికేది కాదు కనుక, సియాటిల్‌లోని అలెన్ సంస్థ అందరికీ ఉచితంగా ఉంచిన బ్రెయిన్‌స్పాన్ డేటాను దించుకున్నాను. ఫలదీకరణ తర్వాత 8వ వారం మొదలు 40 ఏళ్ల వయసు వరకు, 42 మంది దాతల మెదళ్ల నుంచి తీసిన 524 నమూనాల ఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేసినప్పుడు తయారయ్యే నకలు) కొలతలు అందులో ఉన్నాయి.

ప్రీఫ్రంటల్ వల్కలం (మెదడు ముందు భాగపు పై పొర)లోని నాలుగు భాగాల నమూనాలతో, డీసీఎక్స్, ఎంబీపీ అనే రెండు జన్యువులకు వయసును బట్టి రెండు గ్రాఫులు గీశాను. డీసీఎక్స్ గర్భస్థ దశలో ఎంతో ఎత్తున ఉండి, పుట్టాక పడిపోతోంది. ఎంబీపీ గర్భంలో చాలాకాలం అడుగునే ఉండి, పుట్టిన తర్వాత ఎగబాకుతోంది. "వయసుతో పాటు మెదడు కణాల్లో ఎంబీపీ చురుకుదనం పెరుగుతుంది" అని రాస్తే, మా గైడు గారు "కణాల్లో" అన్న మాట కింద ఎర్రగీత గీసి, కారణం నన్నే ఆలోచించమన్నారు. పి-విలువ (నిజంగా ఏ సంబంధమూ లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) అతి చిన్నగా వచ్చింది కదా, మరి లోపం ఎక్కడుంది?

జవాబు 1

అమ్మా, మీ గైడు గారు సరైన చోటే గీత గీశారు. మీరు కొలిచింది కణాన్ని కాదు, నూరిన కణజాలపు ముక్కను. అందులో న్యూరాన్లు (నాడీకణాలు), వాటికి తోడ్పడే ఆస్ట్రోసైట్లు, ఆలిగోడెండ్రోసైట్లు అనే కణాలు అన్నీ కలిసి ఉంటాయి. మన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సగటు ధర ఈ రోజు పెరిగిందనుకోండి. తేజ రకం ధరే పెరిగి ఉండవచ్చు. లేదా ఏ రకం ధరా మారకుండా, ఎక్కువ ధర పలికే రకం బస్తాలు ఎక్కువగా దిగి ఉండవచ్చు. సగటు ఒక్కటే చూసినవారు ఈ రెండింటినీ విడదీయలేరు.

ఎంబీపీ నాడీతంతువుల చుట్టూ ఉండే మయలిన్ తొడుగులోని ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువు. మెదడులో ఆ తొడుగును అల్లే ఆలిగోడెండ్రోసైట్లు వల్కలంలో ఎక్కువగా పుట్టుక తర్వాతే పరిపక్వమవుతాయి. కనుక మీ గ్రాఫు పెరుగుదలలో ఆ కణాల సంఖ్యకు పెద్ద వాటా ఉండవచ్చు. డీసీఎక్స్ కూడా అంతే. అది వలస వెళ్లే పసి న్యూరాన్లలో ఉండే జన్యువు, వలస ముగిసేకొద్దీ అటువంటి కణాలే తగ్గిపోతాయి. ఆ జన్యువు దెబ్బతిన్న మగశిశువుల్లో మెదడు ముడతలు లేకుండా నునుపుగా ఏర్పడుతుందంటే, అది ఎంత కీలకమైన దశలో పనిచేస్తుందో ఊహించవచ్చు.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూ, పి-విలువ గురించి రాస్తున్నాను. ఒకే దాత మెదడులోని నాలుగు భాగాలు నలుగురు వేర్వేరు మనుషులతో సమానం కావు. వాటిని విడివిడిగా లెక్కిస్తే పి-విలువ ఉండాల్సిన దానికంటే చిన్నదిగా వస్తుంది. దాతను యాదృచ్ఛిక ప్రభావంగా తీసుకునే, అంటే ఒకే దాత నమూనాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడండి, లేదా ఒక్కో దాతకు ఒక్క సగటు తీసుకోండి.

వయసును ఏళ్లలో గీస్తే గర్భస్థ దశ అంతా ఎడమ అంచున ఇరుక్కుపోతుంది. ఫలదీకరణ నుంచి గడిచిన రోజులకు 2 ఆధారంగా లాగరిథం తీసుకుంటే, 8వ వారం 5.8 దగ్గర, పుట్టుక (266 రోజులు) దాదాపు 8 దగ్గర, 40 ఏళ్లు 13.9 దగ్గర పడతాయి. మొదలుపెట్టే ముందు ఎక్స్‌ఐఎస్‌టీ (ఆడవారిలో ఎక్కువగా ఉండేది), ఆర్‌పీఎస్4వై1 (మగవారి వై క్రోమోజోముపై ఉండేది) జన్యువుల విలువలు దాతల లింగంతో సరిపోతున్నాయో లేదో చూడండి. ఫైల్లో పేర్లు తారుమారైతే అక్కడే బయటపడుతుంది.

ప్రశ్న అడిగిన వారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వాక్యాన్ని ఇలా మార్చాను: "ప్రీఫ్రంటల్ వల్కల కణజాలంలో ఎంబీపీ ఆర్‌ఎన్‌ఏ పుట్టుక తర్వాత పెరుగుతుంది, ఇందులో ఆలిగోడెండ్రోసైట్ల పెరుగుదల వాటా ఎంతో ఈ డేటాతో తేలదు." మయలిన్‌కు చెందిన పీఎల్‌పీ1, ఎంఓజీ జన్యువులు కూడా ఇలాగే పెరిగితే కణాల సంఖ్యే కారణమని అనవచ్చా?

జవాబు 1

అనుమానం బలపడుతుంది, అంతే. అవన్నీ ఒకే కణం పరిపక్వమయ్యే క్రమంలో కలిసి పెరిగే జన్యువులు కనుక, సంఖ్యను, పరిపక్వతను అవి వేరు చేయలేవు. వేర్వేరు వయసుల వల్కలం నుంచి ఒక్కో కణకేంద్రకాన్ని విడిగా కొలిచిన డేటాలో, ఆలిగోడెండ్రోసైట్లను మాత్రమే ఏరి, వాటిలో ఎంబీపీ వయసుతో ఎలా మారుతుందో చూడండి.