ఈడిపస్ తనను తాను ఏమని పిలుచుకున్నాడు?

పద్యప్రియ:
గ్రీకు కవి సోఫొక్లీస్ ఈడిపస్ నాటకంలో, తెలియక తండ్రి లాయస్‌ను చంపి తల్లి జోకాస్టాను పెళ్ళాడానని తెలిసి, కళ్ళు పొడుచుకుని రాజభవనం నుంచి బయటికి వచ్చిన రాజు పురజనులతో అనే మాట ఒకటి కొంతకాలంగా నన్ను వేధిస్తోంది. ఎప్పుడో ఒక తెలుగు అనువాదంలో చదివాను. "ఇది అపోలో చేసిన పని, మిత్రులారా, అపోలో చేసిన పని, కానీ ఈ కళ్ళను పొడిచిన చెయ్యి ఇంకెవరిదీ కాదు" అన్నంతవరకు స్పష్టంగా గుర్తుంది. ఆ తరువాత ఉన్నది "నిర్భాగ్యుడనైన నాదే" అనా, "సాహసినైన నాదే" అనా అన్నది ఎంత ప్రయత్నించినా గుర్తుకు రావడం లేదు. ఆ ఒక్క విశేషణాన్ని బట్టి ఈడిపస్ జాలిపడదగినవాడు మాత్రమేనా, లేక నిజంగా వీరుడని పిలవదగినవాడా అన్న తీర్పే మారిపోతుంది కనుక, మూలం తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మూలపాఠం:
ఆ పంక్తులు 1329 నుంచి 1333 వరకు ఉన్నవి. మీరు వెతుకుతున్న మాట "త్లామోన్". సంభాషణలో అయితే "త్లేమోన్" అని ఉండేది. ఇది గానభాగం కనుక డోరిక్ అనే గ్రీకు మాండలికం పద్ధతిలో దీర్ఘమైన ఆకారం వచ్చింది. కష్టాలపాలైనవాడు అని ఒక అర్థం, ఓర్చినవాడు లేదా తెగించినవాడు అని మరొక అర్థం నిఘంటువులు ఇస్తాయి. అయితే ఇక్కడ నిఘంటువు కన్నా పై పంక్తులే మనకు ఎక్కువ చెబుతాయి. అంతకు ముందే పురజనులు రెండు ప్రశ్నలు వేశారు: "ఘోరం చేసినవాడా, నీ చూపును ఇలా ఆర్పుకోవడానికి ఎలా ఓర్చావు? ఏ దైవం నిన్ను పురికొల్పింది?" ఈ "ఎలా ఓర్చావు" అన్నచోట గ్రీకులో ఉన్నది "ఎత్లేస్", అంటే త్లామోన్‌కు మూలమైన "త్లా" ధాతువే. ఈడిపస్ రెండు ప్రశ్నలకూ వరుస మార్చి జవాబు చెబుతున్నాడు. ఏ దైవమని అడిగితే అపోలో. ఎలా ఓర్చావని అడిగితే, ఓర్చినవాణ్ణి నేనే. "నిర్భాగ్యుడు" అని అనువదిస్తే రెండో ప్రశ్నకు జవాబే లేకుండా పోతుంది.

ఆ ప్రశ్ననే మన ఇళ్ళలో అయితే "నీకు చేతులెలా వచ్చాయి?" అని అడుగుతాం. ఇక్కడ చేతుల ప్రసక్తి కూడా ఊరికే రాలేదు. అదే పంక్తిలో "ఔతోఖేయిర్" అన్న మాట ఉంది, తన చేతులతోనే చేసినవాడు అని దాని అర్థం. నాటకం మొదట్లో లాయస్ హంతకుణ్ణి పట్టుకుని తీరతానని చాటినప్పుడు, 266వ పంక్తిలో, ఈడిపస్ ఆ హంతకుణ్ణి పిలిచింది సరిగ్గా ఈ మాటతోనే.

కోశాధ్యాయి:
మూలపాఠం గారి వాదన ఆకర్షణీయంగా ఉన్నా, ధాతువును పిండి అర్థం తీయడంలో ఉన్న ప్రమాదాన్ని ఆయన పట్టించుకోలేదని నా అభిప్రాయం. విషాదనాటకాలు రాసే నాటికి త్లేమోన్ బాగా అరిగిపోయిన మాట. ఎవరికి కష్టం వచ్చినా నోటికి వచ్చే మాట అది. ఇదే నాటకంలో, ఈడిపస్ ప్రవేశానికి కాస్త ముందు, ఉరి నుంచి దింపి నేల మీద ఉంచిన జోకాస్టాను దూత పిలిచేది కూడా ఆ మాటతోనే. అక్కడ "పాపం, ఆ తల్లి" అని తప్ప తెగువ అనే అర్థం పొసగదు. కొద్ది పంక్తుల తేడాలో ప్రేక్షకుడు ఆ మాటకు పూర్తిగా వేరే అర్థం చెప్పుకున్నాడని ఎలా అనగలం?

భాగవతి:
ధాతువు మాట వచ్చింది కనుక ఒకటి చేర్చాలనిపించింది. ఈ త్లా, మన "తుల" ఒక్క వేరు నుంచి వచ్చినవే. బరువు ఎత్తడం, మోయడం మూలార్థం. తూగు, తూకం కూడా ఆ కుటుంబంలోనివే కదా?

కోశాధ్యాయి:
సంస్కృత తుల వరకు నిజం, లాటిన్‌లోనూ ఆ వేరు ఉంది. తూగు, తూచు, తూకం మాత్రం ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవి, తమిళంలో "తూక్కు" చూడండి. ధ్వనిసామ్యాన్ని చుట్టరికంగా లెక్కించకూడదు.

మూలపాఠం:
అరిగిపోయిన మాటను కూడా మంచి కవి మళ్ళీ పదును పెట్టగలడు, పక్కనే ఉన్న ప్రశ్న ఇక్కడ ఆ పని చేస్తోంది. జోకాస్టా గురించి చెప్పేటప్పుడు దూతను ఎవరూ "ఆమె ఎలా ఓర్చింది" అని అడగలేదు. పైగా త్లా ధాతువుకు ఓర్పు, తెగువ అనే రెండు ముఖాలూ హోమర్ నాటి నుంచే విడదీయరానివి. ఇలియడ్ 24వ సర్గలో ముసలి ప్రియామ్ రాజు అకిలీస్ ముందు మోకరిల్లి, లోకంలో ఏ మనిషీ ఇంతవరకు ఓర్చనిదానికి నేను ఓర్చాను, నా కొడుకును చంపినవాడి చేతికి పెదవులు ఆనించాను అంటాడు. అక్కడి క్రియ "ఎత్లేన్". అది సహనమా, సాహసమా? రెండింటినీ వేరుచేస్తే ఆ పంక్తే మిగలదు. ఆ ఘట్టాన్ని ఎరిగిన ఏథెన్స్ ప్రేక్షకుడికి, చెయ్యి, త్లా ధాతువు ఒకేచోట వినిపించినప్పుడు ప్రియామ్ గుర్తుకు రాలేదని నేననుకోను.

లక్షణకారుడు:
మాట సంగతి పక్కన పెట్టి పాత్రను చూద్దాం. ధనంజయుడు తన నాట్యలక్షణ గ్రంథం దశరూపకంలో ధీరోదాత్తుడికి, అంటే ఉదాత్తుడైన నాయకుడికి, చెప్పిన లక్షణం మీకందరికీ కంఠస్థమే: "మహాసత్త్వోఽతిగంభీరః క్షమావానవికత్థనః, స్థిరో నిగూఢాహంకారో ధీరోదాత్తో దృఢవ్రతః". గొప్ప మనోబలం, గాంభీర్యం, క్షమ, తనను తాను పొగడుకోకపోవడం, స్థిరత్వం, బయటపడని అహంకారం, పట్టిన పట్టు విడవకపోవడం అన్నమాట. ఇందులో దృఢవ్రతం ఒక్కటే ఈడిపస్‌కు పూర్తిగా చెల్లుతుంది. క్షమ లేదు. మూడు దారుల కూడలిలో దారి తొలగే విషయంలో తగాదా పడి, తనను ములుగర్రతో కొట్టాడని ఒక వృద్ధుణ్ణి, ఆయన పరివారాన్ని చంపేశాడు. ఆ సంగతి జోకాస్టాతో చెప్పేటప్పుడు కూడా "అందరినీ చంపేశాను" అని ఒక్క ముక్కలో ముగిస్తాడు. గుడ్డివాడైన జోస్యుడు టైరీసియస్‌ను, బావమరిది క్రేయాన్‌ను ఆధారమే లేకుండా కుట్రదారులన్నాడు. నిజం చెప్పడానికి జంకిన ముసలి గొర్రెలకాపరి చేతులు విరిచి కట్టమన్నాడు. అహంకారం నిగూఢంగా ఉండడం మాట అటుంచి, నాటకం తొలి పంక్తుల్లోనే తనను లోకమంతా ప్రసిద్ధుడంటుందని తానే చెప్పుకుంటాడు. ఇతను గర్వం, కోపం నిండిన ధీరోద్ధతుడే గాని ఉదాత్తుడు కాడు.

నాయకుడు పతనమైనంత మాత్రాన ఉదాత్తత పోతుందని నేననడం లేదు. 1912 నుంచి తిరువనంతపురంలో టి. గణపతిశాస్త్రి గారు భాసుడివని ప్రకటించిన నాటకాల్లో ఊరుభంగం ఉంది. తొడలు విరిగిన దుర్యోధనుడు తన కోసం ప్రతీకారానికి లేచిన బలరాముణ్ణి వారిస్తాడు. అక్కడ పతనంలో క్షమ పుట్టింది. ఈడిపస్‌లో పుట్టింది తన మీద తనకే హింస.

భాగవతి:
లక్షణాల కొలతతో చూస్తే బలి చక్రవర్తి కూడా దానగర్వం ఉన్నవాడే. అయినా "నిరయంబైన నిబంధమైన ధరణీ నిర్మూలనంబైన దుర్మరణంబైన గులాంతమైన నిజమున్ రానిమ్ము కానిమ్ము పో" అన్న చోట పోతన అతన్ని ఎక్కడికి ఎత్తాడో చూడండి. "రానిమ్ము", "కానిమ్ము" అని రెండు విరుపులు ఇచ్చి చివర "పో" అని పడేస్తాడు. ఆ "పో"లో ఉన్న తేలికదనం, అంత భారమైన సమాసాల తరువాత రావడం వల్ల, నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. ఈడిపస్ నోట కూడా సరిగ్గా ఇలాంటి మాట ఉందని విన్నాను. ఇక్కడ "నిజమున్" అంటే "సత్యాన్ని రానిమ్ము" అని తీసుకుంటే ఇద్దరూ ఒక్క మాటే అన్నట్టు అవుతుంది.

కోశాధ్యాయి:
"నిజమున్" అక్కడ "నిజంగానే వస్తే రానీ" అనే అర్థంలో వచ్చింది. నరకం, బంధనం, రాజ్యనాశం, చావు, కులనాశం అన్నవన్నీ ఆ రావడానికి కర్తలు. సత్యం రావడమన్న అన్వయం కుదరదు, ఎందుకంటే బలికి తెలియని సత్యం అక్కడ ఏమీ మిగలలేదు. వచ్చినవాడు విష్ణువని శుక్రాచార్యుడు విప్పి చెప్పిన తరువాతే ఆ పద్యం వచ్చింది.

మూలపాఠం:
భాగవతి గారు విన్నది 1076వ పంక్తి: "పగిలేది ఏదైనా పగలనీ, ఎంత తక్కువ పుట్టుకైనా సరే, నా పుట్టుక నేను చూడదలచుకున్నాను." "రానిమ్ము కానిమ్ము పో" దీనికి చాలా దగ్గర. కానీ కోశాధ్యాయి గారు అన్వయం కోసం చెప్పిన మాటలోనే ఇద్దరికీ ఉన్న అసలు భేదం దొరికింది. బలికి అంతా తెలుసు, తెలిసి ఇస్తున్నాడు. ఈడిపస్‌కు తెలియదు, తెలుసుకోవడానికే తెగిస్తున్నాడు. జోకాస్టాకు అప్పటికే అర్థమై, ఇక వెతకవద్దని బతిమాలింది. గొర్రెలకాపరి "అయ్యో, చెప్పరాని ఘోరం చెప్పే అంచున ఉన్నాను" అంటే, 1170లో ఈడిపస్ "నేను వినే అంచున ఉన్నాను, అయినా వినవలసిందే" అంటాడు. వినకుండా తప్పుకునే వీలు ఆ క్షణం వరకూ ఉంది. తండ్రిని చంపడం, తల్లిని పెళ్ళాడడం విధి చేయించిన పనులనుకున్నా, "వినవలసిందే" అన్న మాటను ఏ విధీ పలికించలేదు. అపోలో జోస్యంలో ఈడిపస్ నిజం తెలుసుకుంటాడని గాని, కళ్ళు పొడుచుకుంటాడని గాని ఎక్కడా లేదు. లక్షణకారుడు గారు చూపిన కోపం, దురుసుతనం అన్నీ నిజమే. అయితే ఆ దురుసుతనాన్ని విచారణలో చివరకు తన మీదకే తిప్పుకుని, మధ్యలో ఆపనివాణ్ణి వీరుడనడానికి నాకు సంకోచం లేదు.

రంగభూమి:
వీరుడు అనే మాటను మనం మన అర్థంలో వాడి గ్రీకులను కొలుస్తున్నామేమో కూడా చూడాలి. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో ఎక్కడా "విషాద వీరుడు" అనలేదు. మరీ సద్గుణవంతుడూ మరీ దుర్మార్గుడూ కాక, ఒక పొరపాటు వల్ల పతనమైనవాడు అని మాత్రమే 13వ అధ్యాయంలో చెప్పి, ఈడిపస్‌ను ఉదాహరించాడు. ఇక గ్రీకుల వాడుకలో "హేరోస్" అంటే చనిపోయాక సమాధి దగ్గర పూజలందుకుంటూ, ఆ నేలకు మేలో కీడో చేయగల మృతుడు. కారంపూడిలో కార్తీకమాసంలో పల్నాటి వీరులకు జరిగే ఆరాధనను ఎరిగినవారికి ఈ భావన కొత్తది కాదు. సోఫొక్లీస్ చివరి నాటకంలో ముసలి ఈడిపస్, కవి పుట్టిన ఊరైన కొలోనస్‌కే వచ్చి, ఏథెన్స్ రాజు థీసియస్‌కు తప్ప ఎవరికీ చోటు తెలియని చావు చచ్చి, ఏథెన్స్‌ను కాపాడే హేరోస్ అవుతాడు. కవి పోయాక క్రీస్తుపూర్వం 401లో మనుమడు దాన్ని ప్రదర్శించాడు. అంటే గ్రీకు అర్థంలో ఈడిపస్ వీరుడా అన్న ప్రశ్నకు కవే జవాబిచ్చాడు.

కోశాధ్యాయి:
ఆ నాటకాన్నే సాక్ష్యంగా తెస్తే అది నా వైపే మొగ్గుతుంది. కొలోనస్ పురజనులతో ఈడిపస్, నా పనులు నేను చేసినవి అనడం కన్నా నా మీద పడినవి అనడమే నిజం అంటాడు. ఆ మాట 267వ పంక్తి దగ్గర ఉంది. తనను తాను కష్టాలపాలైనవాడిగానే చూసుకున్నాడు.

మూలపాఠం:
అక్కడ అతను మాట్లాడుతున్నది తండ్రి హత్య, తల్లితో పెళ్ళి గురించి. కళ్ళ గురించి కాదు. ఆ రెండింటినీ మొదటి నాటకంలోనూ అపోలోకే అప్పజెప్పాడు. కళ్ళను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చచ్చిపోవడమే మేలు కదా అన్న పురజనులతో, ఇది సరైన పని కాదని నాకు పాఠం చెప్పవద్దు అంటాడు. చివరన నా కష్టాలను మోయగల మనిషి నేను తప్ప లేడు అంటాడు. మోయడం అనే భావం మళ్ళీ వచ్చింది, గమనించండి.

పద్యప్రియ:
ఇంత చర్చ తరువాత నాకొక ఊహ కలుగుతోంది. సహనం, సాహసం రెండూ ఒకే "సహ్" ధాతువు నుంచి వచ్చినవి. గ్రీకు త్లాలో ఉన్న రెండు ముఖాలూ మనకు ఇక్కడ దొరుకుతున్నాయి. అంతేకాక మనువు చెప్పిన వివాదపదాల్లో, అంటే వ్యాజ్యాల వర్గాల్లో, "సాహసం" అంటే దౌర్జన్యపు నేరం. కూడలిలో ఈడిపస్ చేసింది ఆ అర్థంలో సాహసం, కళ్ళ విషయంలో చేసింది మన అర్థంలో సాహసం. కనుక "సాహసినైన నాదే" అన్నదే సరైన అనువాదమని అనిపిస్తోంది, నేను చదివిన పుస్తకంలో అదే ఉండి ఉంటుందని కూడా.

రంగభూమి:
వేదిక మీద "సాహసి" నిలవదు. నేటి తెలుగు చెవికి అది మెచ్చుకోలుగా వినిపిస్తుంది, తనను తాను మెచ్చుకునే స్థితిలో ఈడిపస్ లేడు. వాక్యక్రమం ఇంకొక చిక్కు. గ్రీకులో త్లామోన్ వాక్యం చివర, "నేను" తరువాత పడుతుంది. మన విశేషణం నామానికి ముందు రావాలి. వాక్యాన్ని విరిచి "ఈ కళ్ళను పొడిచిన చెయ్యి ఇంకెవరిదీ కాదు, నాది, ఓర్చింది నేను" అంటే ఆ చివరి దెబ్బ చివరే ఉంటుంది, పురజనుల "ఎలా ఓర్చావు"కు జవాబుగానూ అందుతుంది.

కోశాధ్యాయి:
"ఓర్చింది" అంటే జరిగిపోయిన పని అవుతుంది. త్లామోన్ మనిషి స్థితిని చెప్పే మాట. అదీగాక "నేను" తరువాత మీరు విరామం ఇస్తున్నారు. సోఫొక్లీస్ నాటి రాతలో కామాలు లేవు. అక్కడ ఆగి పలికితే అది ఏడుపు, ఆగకుండా పలికితే విశేషణం. ఆగాడో లేదో తేలేవరకు నేను "నిర్భాగ్యుడ"నే ఉంచుతాను.

మూలపాఠం:
ఆగినా సరే, ఏడుస్తూ చెప్పినంత మాత్రాన జవాబు కాకుండా పోదు. 1327వ పంక్తిలో "ఎత్లేస్"ను "ఎలా ఓర్చావు" అనక మీరు ఏమని అనువదిస్తారో ముందు చెప్పండి, తరువాత త్లామోన్ దగ్గరికి వద్దాం.