మా ఆయన మావోరీ, కానీ తన భాషా ఊరూ ఆయనకే తెలీదు... ఎక్కడ మొదలుపెట్టాలి?

మనురేవా_కోడలు:

అందరికీ నమస్కారం అండి, పోస్ట్ పెద్దదవుతుందేమో, కాస్త ఓపిగ్గా చదవండి. మాది రాజమండ్రి, 11 ఏళ్ళుగా న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఉంటున్నాం. మా ఆయన ఇక్కడే పుట్టి పెరిగాడు, వాళ్ళ అమ్మ మావోరీ, అంటే ఇక్కడి మూలవాసి, నాన్న తెల్లాయన. పాపకి 8 ఏళ్ళు.

పోయిన నెల స్కూల్లో పిల్లల్ని పెపెహా రాసుకురమ్మన్నారు. తెలీనివాళ్ళ కోసం చెప్తున్నా, మన పెద్దాళ్ళు ప్రవర చెప్పుకుంటారు చూడండి, అలాంటిదే, కాకపోతే ఋషుల పేర్ల బదులు నా కొండ ఫలానా, నా నది ఫలానా, మా వాళ్ళు వచ్చిన పడవ ఫలానా, నా తెగ, నా మరాయె ఫలానా అని వరసగా చెప్పుకుంటూ వచ్చి ఆఖర్న తన పేరు చెప్పుకుంటారు. మరాయె అంటే వాళ్ళ తెగకి ఉమ్మడిగా ఉండే సభాస్థలం, పెళ్ళీ చావూ అన్నీ అక్కడే. పాప పేపర్ మధ్యలో గీత గీసి ఒకవైపు అమ్మ, ఒకవైపు నాన్న అని రాసుకుంది. నా వైపు టకటకా నింపేసింది, పాపికొండలు, గోదావరి, అమ్మమ్మగారి వీధి పేరుతో సహా. నాన్న వైపు అంతా ఖాళీ. "నాన్నా నీ కొండ ఏది?" అని అడిగింది. ఆయన ఆ పేపర్ వంకే కాసేపు చూసి, బట్టలు ఆరాయేమో చూసొస్తానని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ బట్టలు అప్పటికే నేను తెచ్చి మడతపెట్టేశాను.

మాకు తెలిసింది ఇంతే. ఆయన అమ్మమ్మగారు ఈస్ట్ కోస్ట్ వైపు నుంచి 1950ల్లో ఫ్యాక్టరీ పని కోసం ఆక్లాండ్ వచ్చారు. చిన్నప్పుడు స్కూల్లో మావోరీ మాట్లాడినందుకు అరచేతుల మీద కొట్టారట, నా పిల్లలకి ఆ దెబ్బలు వద్దు అనుకుని ఇంట్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. అలా మా అత్తగారికి రాలేదు, ఈయనకీ రాలేదు. అత్తగారు పోయి నాలుగేళ్ళు. వాళ్ళ తెగ న్గాతి పోరౌ అన్న పేరు మాత్రం తెలుసు. పెద్దత్తగారు అంటే అత్తగారి అక్క గిస్బోర్న్‌లో ఉన్నారు, అత్తగారు పోయినప్పుడు చూడటమే ఆవిడని. ఫోన్ చెయ్యమంటే "ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెయ్యను" అంటాడు.

ఎక్కడ మొదలుపెట్టాలండి? భాష క్లాసులా, డీఎన్ఏ టెస్టా, నేరుగా ఊరికి వెళ్ళిపోవడమా? బయటి నుంచి వచ్చిన కోడల్ని, నేను పూనుకుంటే బాగుంటుందా? ఆయన ముఖం చూస్తే నాకు తిండి సయించట్లేదు.

వెల్లింగ్టన్_సిక్కోలు:

అక్కా, మీ ఆయన చెప్పిన ఆ "ఏ మొహం పెట్టుకుని" అన్న దానికి వాళ్ళ భాషలో మాటే ఉంది, ఫకమా అంటారు. నేను మూడేళ్ళు సాయంత్రాలు మావోరీ క్లాసులకి వెళ్ళాను, మా బ్యాచ్‌లో సగం మంది మీ ఆయనలాంటి వాళ్ళే. మొదటి రోజు నాలాంటి బయటివాళ్ళు ధైర్యంగా తప్పులు మాట్లాడేస్తుంటే మావోరీ వాళ్ళు తల వంచుకు కూర్చున్నారు. మనం తప్పు మాట్లాడితే కొత్త భాష కదా అనుకుంటారు, వాళ్ళు తప్పు మాట్లాడితే సొంత భాషే రాదా అనిపిస్తుందని వాళ్ళ భయం. ఒకాయన 60 దాటినాయన, తన పేరు తనే సరిగ్గా పలకడం నేర్చుకుని ఏడ్చేశాడు. అది నేను మర్చిపోలేను.

ఆయన తప్పేమీ లేదని ముందు ఆయనకి తెలియాలి. 1867 చట్టంతో మావోరీ పిల్లల బళ్ళల్లో చదువు ఇంగ్లీషులోనే చెప్పాలన్నారు, ఆ తర్వాత దెబ్బలు. 1945లో నలుగురు మావోరీల్లో ఒక్కరే పట్నంలో ఉండేవారు, తర్వాత ఒక్క తరంలోనే తలకిందులైపోయింది, ఊళ్ళన్నీ ఖాళీ అయ్యి జనం పట్నాలకి పనికి వచ్చేశారు. అమ్మమ్మగారు ఆ వరదలో వచ్చినవారే. ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. 1972 సెప్టెంబర్ 14న మా భాష బళ్ళో నేర్పండి అని 30 వేలకి పైగా సంతకాలు తీసుకుని ఇక్కడ పార్లమెంట్ మెట్ల దగ్గరికి వచ్చారు, ఎక్కువ మంది కుర్రాళ్ళే, వాళ్ళల్లో చాలామందికి ఆ భాష రాదు. అంటే రానివాళ్ళే దానికోసం కొట్లాడారు. 1982లో మా పక్కనే వైనుయోమాతాలో మొదటి కోహంగా రెయో పెట్టారు, అవ్వలు తాతలు పసిపిల్లలతో మావోరీ మాత్రమే మాట్లాడే బాలబడి అన్నమాట. 1987లో అధికార భాష అయింది.

క్లాసులంటే తె వానంగా ఒ అయోటియారోవా అనే విద్యాసంస్థలో చూడండి, భాష కోర్సులకి ఫీజు ఉండదు, ఆక్లాండ్‌లోనూ ఉన్నాయి. ఆయన సిగ్గుపడే మనిషైతే తె అతారంగి పద్ధతి ఇంకా నయం. పుస్తకం ఉండదు, రంగురంగుల చిన్న చెక్క పుల్లలు టేబుల్ మీద పోసి, ఎర్ర పుల్ల తీసుకో, పచ్చ పుల్ల ఆయనకివ్వు అని మొదలుపెడతారు, ఇంగ్లీష్ మాట వినపడదు, ఒకళ్ళు మాట కోసం తడుముకుంటుంటే పక్కవాళ్ళు అందించకూడదు, ఆగాలి. నాకైతే ఆ మౌనంలోనే భాష వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరమ్మల్లో ఒకరు న్గోయి పేఫైరంగి, ఆవిడా న్గాతి పోరౌయే, మీ ఆయనకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. మీ పర్సులో 50 డాలర్ల నోటుంటే తీసి చూపించండి, దాని మీదున్న అపిరానా న్గాతా గారు కూడా వాళ్ళ తెగే, పాత పాటలు ఊరూరా పోగుచేసిన మనిషి.

డీఎన్ఏ టెస్ట్ మీద డబ్బు తగలెయ్యకండి. అది శాతాలు చెప్తుంది కానీ ఏ మరాయెయో చెప్పదు. వాళ్ళ లెక్క ఫకపప, అంటే వంశక్రమం, పొర మీద పొర పేర్చడం అని ఆ మాటకి అర్థం. కావల్సింది పేర్లు, అమ్మమ్మ పేరు, ఆవిడ అమ్మా నాన్న పేర్లు. మావోరీ ల్యాండ్ కోర్ట్ 1865 నాటిది, భూమి ఎవరిదో తేల్చడానికి జనం అక్కడ నిలబడి తరాల పేర్లు అప్పజెప్పేవారు, అవన్నీ రాసిపెట్టారు. ఆ కోర్ట్ రికార్డులు ఆన్‌లైన్‌లో ఉంటాయి, ముందు మావోరీ ల్యాండ్ ఆన్‌లైన్ అనేవారు, 2023 నుంచి పాతక ఫెనువా అంటున్నారు, అందులో ముత్తవ్వ పేరు కొడితే ఏ భూమిలో వాటా ఉందో రావచ్చు, భూమి ఎక్కడో తెలిస్తే ఊరు తెలుస్తుంది.

కానీ వీటన్నిటికంటే ముందు పెద్దత్తగారికి ఫోన్. కాగితాలు ఎక్కడికీ పోవు, పెద్దావిడ వయసు ఆగదు కదా.

ఇంకోటి, ఇంట్లో ఆయన చేసే చిన్న చిన్న పనులు గమనించండి. భాష పోయినా ఇంటి అలవాట్లు అంత త్వరగా పోవు.

గుంటూరు_గోపి:

మంచి పోస్ట్ అండి. నేను విన్నదేంటంటే వాళ్ళ పూర్వీకులు మన ఇండియా నుంచే వెళ్ళారని, న్యూజిలాండ్‌లో తమిళ అక్షరాలున్న గంట కూడా దొరికిందట కదా. మనకీ వాళ్ళకీ మూలం ఒకటే అని చెప్తే మీ ఆయనకి దగ్గరతనం అనిపిస్తుందేమో.

హోనోలులు_పిన్ని:

గోపీ, నువ్వు మంచి మనసుతోనే చెప్పావు నాన్నా, కానీ ఈ మాట ఆయనతో అనొద్దని అమ్మాయికి చెప్తున్నా. ఆ గంట నిజమే, తె పాపా మ్యూజియంలో ఉంది, కోలెన్సో అనే మిషనరీ చూసేటప్పటికి అందులో బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంటున్నారు. ఒక్క గంట ఉన్నంత మాత్రాన జనమంతా అక్కణ్ణుంచి వచ్చినట్టు కాదు. వాళ్ళ మూలాలు తైవాన్ వైపు, అక్కణ్ణుంచి దీవి తర్వాత దీవి దాటుకుంటూ సుమారు 3,000 ఏళ్ళ కిందట టోంగా, సమోవా చేరారు, తర్వాత తాహితి వైపు, హవాయి, 1250-1300 ప్రాంతంలో న్యూజిలాండ్. సొంత కథ వెతుక్కుంటున్న మనిషి చేతిలో మన కథ పెట్టకూడదు కదమ్మా. ఆయన కథే ఎంత గొప్పదో.

నేను ఇక్కడ 22 ఏళ్ళుగా ఉన్నాను. హవాయిలోనూ అచ్చం ఇలాగే, 1896లో బళ్ళన్నీ ఇంగ్లీష్ చేసేశారు, 1978లో రాజ్యాంగంలో మళ్ళీ అధికార భాష చేశారు, 1983లో న్యూజిలాండ్ బాలబడులు చూసి ఇక్కడ పూననా లెయో పెట్టారు, పిచ్చుకగూడు లాంటి అర్థం, భాషగూడు. మా పక్కింటావిడ మనవలు అందులోనే చదివారు, ఆవిడ వాళ్ళ దగ్గర నేర్చుకుంది. అమ్మమ్మ మనవరాలి దగ్గర మాటలు నేర్చుకోవడం కళ్ళారా చూశాను, వంటింట్లో పిల్ల చెప్తుంటే ఈవిడ చేమదుంపలు చెక్కు తీస్తూ తిరిగి పలికేది.

చేమదుంప అంటే గుర్తొచ్చింది, ఇక్కడ కాలో అంటారు. మనిషికి అన్నగారు చేమమొక్కే అని వీళ్ళ కథ. మొదట పుట్టిన బిడ్డ ఊపిరి లేకుండా పుడితే మట్టిలో పెట్టారు, అక్కడ చేమ మొలిచింది, ఆ తర్వాత పుట్టిన రెండో బిడ్డ మనిషి, ఇద్దరి పేరూ హాలోవాయే. చేమ వండిన గిన్నె మూత తీసి ఉండగా గొడవలు పడకూడదంటారు, పెద్దన్న ముందు దెబ్బలాడినట్టు. నాకు ఆ మాట విన్నాక ఇంట్లో చేమదుంపల పులుసు పెట్టినా అదే గుర్తొస్తుంది.

మీ పాపకి ఓ ఆట నేర్పండి. రెండుని మావోరీలో రువా అంటారు, ఇక్కడ లువా, సమోవాలోనూ లువా. మూడు తోరు, కోలు, తోలు. అయిదు రిమా, లిమా, లిమా. ఇల్లు ఫరె, హలె, ఫలె. ప్రేమ అరోహా, అలోహా, అలోఫా. పిల్లలు ఇట్టే పట్టేస్తారు, వాళ్ళ నాన్నకీ తెలీకుండానే నోట్లో ఆడతాయి.

ఇంక ఆ మొహమాటం సంగతి. 1976లో హోకూలెయా అనే జంట పడవ మీద దిక్సూచి లేకుండా చుక్కలూ అలలూ చూసుకుంటూ ఇక్కణ్ణుంచి తాహితి వెళ్ళారు. దారి చూపించింది హవాయి మనిషి కాదు. ఇక్కడ ఆ విద్య తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అందుకని సతావాల్ అనే మైక్రోనేసియా దీవి నుంచి మావు పియైలుగ్ గారిని పిలుచుకున్నారు. ఆయన దగ్గర చూసి నేర్చుకున్న నైనోవా థామ్సన్ అనే కుర్రాడు 1980లో తనే తాహితికి నడిపాడు. 1985కి ఆ పడవ న్యూజిలాండ్ చేరింది. మీ ఆయన తన సొంత పెద్దమ్మని అడగడానికి సిగ్గుపడతాడా, వీళ్ళు పరాయి దీవి వాళ్ళనే అడిగారు.

నాడీ_నుంచి_సిడ్నీ:

నా తెలుగు తప్పులుంటే క్షమించాలి, 35 ఏళ్ళు వచ్చాక నేర్చుకున్నాను. మేము ఫిజీ తెలుగువాళ్ళం. నేను రాసేది అడగడానికి సిగ్గుపడటం గురించి.

1879 నుంచి 1916 దాకా సుమారు 60 వేల మందిని ఇండియా నుంచి ఫిజీ చెరుకు తోటలకి గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద తెచ్చారు, 1903 నుంచి మద్రాసు ఓడలు మొదలయ్యాయి, మా ముత్తాత అలా వచ్చాడు. తోటలో అందరికీ పనికొచ్చే భాష ఫిజీ హిందీ అయింది, తెలుగు మా తాత దగ్గరే ఆగిపోయింది. ఆంధ్ర సంగం వాళ్ళు బళ్ళు నడిపారు, అయినా మా ఇంట్లో నిలవలేదు. మా నాన్న తెలుగువాళ్ళు కనపడితే పక్కకి తప్పుకునేవాడు, ఎక్కడ తెలుగులో పలకరిస్తారో అని.

ముత్తాత ఎమిగ్రేషన్ పాస్ కాపీ చేతికొచ్చాకే ఆయన మారాడు. చిన్న కాగితం. పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు ఎంత, ఒంటి మీద మచ్చ ఎక్కడ. మచ్చ ఎడమ కనుబొమ్మ మీద అని ఉంది. నాన్న అద్దం దగ్గరికెళ్ళి తన కనుబొమ్మ తడుముకున్నాడు, అక్కడ ఏ మచ్చా లేదు, ఉండదని ఆయనకీ తెలుసు, అయినా తడుముకున్నాడు. ఆ తర్వాతే ఆ ఊరు వెళ్దాం అన్నాడు.

కాబట్టి చెల్లెమ్మా, మీ ఆయనకి సలహాలు కాదు, చేతికి తగిలే వస్తువు ఏదైనా ఒకటి ఇవ్వండి. ఫోటో, ఉత్తరం, ఏదైనా.

మనురేవా_కోడలు:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. రెండు వారాల తర్వాత రాస్తున్నా.

సిక్కోలు తమ్ముడు చిన్న అలవాట్లు గమనించమన్నాడు కదా, నాకు వెంటనే తట్టింది టీ టవల్స్. వంటింటి తుడుపు గుడ్డలు మా ఆయన ఎప్పుడూ బట్టలతో కలిపి మెషీన్లో వెయ్యనివ్వడు. పెళ్ళైన కొత్తలో దీని మీద గొడవ కూడా పడ్డాం. టేబుల్ మీద కూర్చోనివ్వడు, తలగడ మీద కూర్చుంటే పాపని కేకలేస్తాడు. ఎందుకంటే "అమ్మ అలాగే చేసేది" అనేవాడు. ఆ రాత్రి చదివి చెప్పాను, ఇది తపు అట, అన్నానికి సంబంధించింది వేరు, ఒంటికి సంబంధించింది వేరు, తల పవిత్రం కాబట్టి తల పెట్టేదాని మీద కూర్చోకూడదట, మా నాయనమ్మ మడిబట్ట ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు, నాకు ఇది అర్థమవుతుంది, నువ్వు ఇన్నేళ్ళూ మావోరీ ఇల్లే నడిపావు అని. ఆయన ఏమీ అనలేదు. వెళ్ళి సొరుగులోంచి ఆ టవల్స్ తీసి కాసేపు అలా పట్టుకు నిలబడ్డాడు.

తర్వాతి ఆదివారం తనే ఫోన్ చేశాడు. నేను స్పీకర్ పెట్టమనలేదు, తనే పెట్టాడు. పెద్దత్తగారు ఇన్నాళ్ళూ ఏమైపోయావని ఒక్క మాట అడగలేదు. మాతారికి చుక్కలు పొడిచినప్పుడు ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు పైకి పిలుస్తారట, మీ అమ్మ పోయిన ఏడాది నేనే పిలిచాను తన పేరు, నువ్వు ఇక్కడ లేవు కాబట్టి నీ బదులు కూడా నేనే పిలిచాను అన్నారు. మాతారికి అంటే మన కృత్తికలే, 2022 నుంచి ఇక్కడ ఆ రోజు సెలవు కూడా, మేము ఆ రోజు మాల్‌కి వెళ్ళేవాళ్ళం. ఈయన బాగా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

కొండ పేరు హికురంగి. నది వైయాపు. పాప పెన్సిల్‌తో వద్దని స్కెచ్‌పెన్‌తో రాసింది. మరాయె పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళ ఇంటి సంగతి. జనవరిలో రమ్మన్నారు, అక్కడే మూడు రాత్రులు. ల్యాండ్ కోర్ట్ కాగితాలు ఆవిడ దగ్గరే పెట్టెడున్నాయట.

ఇప్పుడు నా కంగారు వేరే. నేను ఏం కట్టుకోవాలి, చీర పర్లేదా? ఏం తీసుకెళ్ళాలి? పాప పెపెహాలో నా వైపు పాపికొండలు కూడా అక్కడ చెప్పొచ్చా?

వెల్లింగ్టన్_సిక్కోలు:

అక్కా చదువుతుంటే గొంతు పట్టేసింది.

చీర శుభ్రంగా కట్టుకోండి, ఆడవాళ్ళు స్వాగతానికి పొడుగు లంగాలే వేసుకుంటారు, కింద కూర్చోవాలి, చాపల మీద నడవాలి, అందుకు వీలుగా నేతచీర అయితే బావుంటుంది. గేటు దగ్గర ఆగండి, మీ అంతట మీరు లోపలికి వెళ్ళకూడదు. లోపల్నుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి పిలుస్తుంది, దాన్ని కరంగా అంటారు, ఒళ్ళు జలదరిస్తుంది, అప్పుడు అందరూ కలిసి నెమ్మదిగా నడవాలి, ఆడవాళ్ళు ముందు. ఆ పిలుపు మీకే కాదు, మీ వెనక వస్తున్న పోయినవాళ్ళకి కూడా, కాబట్టి అత్తగారి ఫోటో చేతిలో పట్టుకుని నడవండి, చాలామంది అలాగే చేస్తారు. తర్వాత మీ తరఫున మాట్లాడినాయన వెనక ఒక పాట పాడాలి, పెద్దత్తగారిని అడిగి చిన్నది ముగ్గురూ ఇప్పట్నుంచే నేర్చుకోండి. కోహా అని కవర్‌లో డబ్బులు పెడతారు, ఎంతన్నదీ ఆవిడ్నే అడగండి, మొహమాటపడకండి. ముక్కూ నుదురూ ఆనించి హొంగి, ఆ తర్వాత భోజనం.

పాపికొండల గురించి, పాప వాళ్ళ నాన్న వైపు "నా కొండ హికురంగి" అని హక్కుగా చెప్పొచ్చు. మీరు మాత్రం "గోదావరి ఒడ్డున పెరిగాను" అన్నట్టు చెప్పండి. నా కొండ అనే మాట ఆ నేలకి పుట్టినవాళ్ళది అని మా టీచర్ చెప్పేది, నాకు అది న్యాయంగా అనిపించింది.

భోజనాలయ్యాక కోడళ్ళందరూ వంటింట్లోకే చేరతారు, గిన్నెలు తుడిచేచోటే అసలు పరిచయాలు. దుప్పట్లతో పాటు మీ సొరుగులో టీ టవల్స్ కూడా ఓ నాలుగు పెట్టుకోండి, విడిగా వేరే సంచిలో.