ఆఫీసు రోజులను ఎవరు నిర్ణయించాలి?

ప్రశ్న:
మా ఆఫీసు విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఉంది. సిబ్బందిలో చాలామంది గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి వస్తారు. వారానికి మూడు రోజులు రావాలన్న నియమం ఉన్నా, ఏ రోజులన్నది ఎవరి ఇష్టానికి వారికి వదిలేయడంతో, వారధి మీద ట్రాఫిక్ దాటుకుని వచ్చినవారు కూడా హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇంట్లో ఉన్న సహోద్యోగితో వీడియో కాల్‌లోనే మాట్లాడుతున్నారు. మీరు ఎలా నడుపుతున్నారు?

జవాబు 1:
రోజుల ఎంపికను వ్యక్తికి కాకుండా బృందానికి వదలండి. మా బృందం మంగళ, గురువారాల్లో కలుస్తుంది. చర్చలు, కొత్తవారికి పని నేర్పడం అప్పుడే. ఒంటరిగా కూర్చుని చేసే పనికి ఇల్లే మేలు.

జవాబు 2:
చైనాలో ప్రయాణ బుకింగ్‌ల సంస్థ ట్రిప్.కామ్ 1,612 మందితో జరిపిన ప్రయోగం ఫలితాలు 2024లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. బుధ, శుక్రవారాల్లో ఇంటి నుంచి పనిచేసే వీలు పొందినవారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పనితీరు మాత్రం దెబ్బతినలేదు. అక్కడ ఇంటి రోజులు ముందే ఖరారైనవని గమనించండి.

జవాబు 3:
రోజుల లెక్క ఒక్కటే చాలదండీ. టీ బండి దగ్గర తేల్చేసిన విషయం ఇంట్లో ఉన్నవారికి మర్నాడు గానీ తెలియదు (మా మేనేజరు గారి అలవాటే అది!). సొంత ఆఫీసులే లేని సాఫ్ట్‌వేర్ సంస్థ గిట్‌ల్యాబ్ తన పని పద్ధతులను చాలావరకు అందరూ చదవగలిగేలా రాసిపెట్టుకుంటుంది. మీరు కనీసం నిర్ణయాలనైనా ఆ రోజే రాతలో పెట్టించండి.