బిడ్డ వస్తువులకి 15 వేలు సరిపోవా? డైపర్లు లేకుండా గుడ్డలతోనే పెంచగలమా?

కూకట్‌పల్లి_కాబోయే_నాన్న

అందరికీ నమస్కారం. మా ఆవిడకి ఇప్పుడు ఎనిమిదో నెల. పురుడు తెనాలిలో, వాళ్ళ పుట్టింట్లో. మూడో నెల నిండాక తల్లీబిడ్డా కూకట్‌పల్లిలో మా అద్దె ఇంటికి వస్తారు. నా జీతం చేతికి 31 వేలు వస్తుంది, అందులో అద్దెకే 11 వేలు పోతాయి. తను ప్రైవేటు స్కూల్లో చెప్పేది, ఆరో నెలలో మానేసింది. బిడ్డ వస్తువులకని 15 వేలు పక్కన పెట్టాను.

ఆఫీసులో ఒకాయన తను కొన్నవాటి లిస్టు పంపాడు. 42 వస్తువులున్నాయి. స్టెరిలైజర్, బాటిల్ వార్మర్, స్ట్రోలర్, వాకర్, చెక్క క్రిబ్ అన్నీ కలిపి 58 వేలు. చూసి రాత్రి నిద్ర పట్టలేదు. మా అత్తగారేమో "నాలుగు పాత చీరలు, ఉగ్గు గిన్నె, దోమతెర ఉంటే చాలు, బిడ్డ పుట్టకముందు ఏమీ కొనొద్దు" అంటున్నారు. నేను ఆమె వైపే మొగ్గుతున్నాను. మనందరం అలాగే పెరిగాం కదా. డైపర్లు అసలు కొనకుండా గుడ్డలతోనే గడపాలని నా ఉద్దేశం. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, వింటాను.

గుంటూరు_అమ్మమ్మ

నాయనా, మీ అత్తగారి మాట విను. ముగ్గురు పిల్లల్ని, నలుగురు మనవల్ని పెంచాను. పాత నూలు చీరని మూరెడు చదరాలుగా చింపితే ఇరవైకి పైనే లంగోటీలు వస్తాయి. కొత్త గుడ్డ వద్దు, గంజి పోక గరుకుగా ఉంటుంది. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డదే పసిబిడ్డ ఒంటికి హాయి. తాతగారి పంచెలుంటే పొత్తిగుడ్డలకి దాచిపెట్టు. మొదటి రెండు నెలలకి నలభై లంగోటీలు, పది పొత్తిగుడ్డలు, కిందకి రెండు రబ్బరు షీట్లు, ముందువైపు ముడివేసే చొక్కాలు ఆరు చాలు. చొక్కాలు కూడా చుట్టాల ఇళ్ళలో అడుగు. పిల్లలు నెలలోనే పెరిగిపోతారు, ఎవరింట్లో అయినా సంచి నిండా ఉంటాయి.

గుడ్డలో ఇంకో మేలుంది. బిడ్డ ఎన్నిసార్లు తడిపిందో తెలుస్తుంది. ఐదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా తడిపితే తల్లిపాలు సరిపోతున్నట్టే. డైపర్లో ఆ లెక్క సరిగ్గా తెలియదు.

నిజాంపేట_అక్క

అమ్మమ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఈ లెక్కలో ఒక పద్దు రాయలేదు. ఆ గుడ్డలు ఎవరు ఉతుకుతారు?

నాది సిజేరియన్. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ అమ్మ, పిన్ని, పనిమనిషి ముగ్గురూ పట్టుకున్నారు, నాకు తెలియనే లేదు. మూడో నెలలో ఫ్లాట్‌కి వచ్చాక తెలిసింది. మా ఆయన ఉదయం ఎనిమిదికి వెళ్తే రాత్రి తొమ్మిదికి వచ్చేవారు. రోజుకి పదిహేను నుంచి ఇరవై గుడ్డలు. దొడ్డికి వెళ్ళినవి వేరుగా జాడించాలి, నానబెట్టాలి, ఉతకాలి, సబ్బు పోయేదాకా రెండు నీళ్ళలో తీయాలి. బాల్కనీలో ఒకటే తీగ. జులైలో వానలు పట్టాయి. గుడ్డలు ఆరక, సగం తడివే వేస్తే పాప తొడలు ఒరుసుకుపోయి ఎర్రబడ్డాయి. నా వేళ్ళ సందులు పాసిపోయాయి. పాప నిద్రపోయే గంటన్నరలో నేను పడుకోవాలి, కానీ బాత్‌రూంలో గుడ్డల దగ్గర కూర్చునేదాన్ని. నడుము నొప్పి ఇప్పటికీ ఉంది, పాపకి నాలుగేళ్ళు.

మనందరం అలాగే పెరిగాం అన్నారు. పెరిగింది మనం, ఉతికింది మనం కాదు. అప్పట్లో ఇంటినిండా ఆడవాళ్ళుండేవారు, పురుటి గుడ్డలకి చాకలామె రోజూ వచ్చేది. మీ ఇంట్లో మీ ఆవిడ ఒక్కతే ఉంటుంది.

కూకట్‌పల్లి_కాబోయే_నాన్న

అక్కా, మీరు చెప్పింది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఉతికే పని తన మీద వదిలేయను. పొద్దున్నే లేచి ఆఫీసుకి వెళ్ళేలోపు ఒక గంట నేను ఉతుకుతాను.

నిజాంపేట_అక్క

మంచి మాట తమ్ముడూ, నిలబెట్టుకోండి. అయినా పదకొండింటికి బిడ్డ పాడుచేసిన గుడ్డ మర్నాడు మీరు లేచేదాకా అలాగే ఉండదు, వాసన వస్తుంది. రాత్రి సంగతి కూడా చూడండి. గుడ్డ తడిస్తే బిడ్డ లేస్తుంది, బిడ్డతో తల్లి లేస్తుంది. రాత్రికి ఒక్క డైపర్ వేస్తే ఇద్దరికీ మూడు గంటల నిద్ర కలిసొస్తుంది.

లెక్కల_మాస్టారు

కోపతాపాలు పక్కన పెట్టి అంకెలు చూద్దాం. మేము పెద్ద ప్యాక్ కొన్నప్పుడు చిన్న సైజు డైపర్ ఒకటి 9 రూపాయలు పడింది. రోజుకి ఎనిమిది వేస్తే నెలకి 2,160, ఆరు నెలలకి 12,960. అంటే మీ 15 వేలు దాదాపు అక్కడే అయిపోతాయి. రాత్రికొకటి, ఆసుపత్రికో చుట్టాలింటికో వెళ్ళినప్పుడు ఒకటి, మొత్తం రోజుకి రెండనుకుంటే నెలకి 540, ఆరు నెలలకి 3,240. మేము రెండో పద్ధతిలో నడిపాం. ఒక జాగ్రత్త, సైజు చూడకుండా ఆఫర్ ఉందని నాలుగు ప్యాకులు కొనకండి. మా బాబుకి ఆరు వారాలకే చిన్న సైజు పట్టలేదు, రెండు ప్యాకులు పక్కింటివాళ్ళకి ఇచ్చేశాం.

సిద్దిపేట_తల్లి

మా పాప 2018లో సర్కారు దవాఖానలో పుట్టింది. అప్పుడు తెలంగాణలో కేసీఆర్ కిట్ ఇచ్చేవాళ్ళు, 2017 జూన్‌లో మొదలైంది. దోమతెర ఉన్న చిన్న పరుపు, సబ్బు, నూనె, బట్టలు, తల్లికి చీరలు. ఆడపిల్ల పుడితే విడతలుగా 13 వేలు, మగపిల్లవాడైతే 12 వేలు కూడా వచ్చేవి. ఆ పరుపు తప్ప మేం వేరే మంచం కొనలేదు. తర్వాత చెల్లె కొడుకు కూడా దాని మీదే పడుకున్నాడు.

అందరూ వస్తువుల మీదనే ఉన్నరు. అసలు డబ్బు పోయేది టీకాల దగ్గర అన్నా. ప్రైవేటులో న్యుమోనియా టీకా ఒక్క డోసుకే వేలల్లో బిల్లు. అదే పీసీవీ 2021 నుంచి దేశమంతా సర్కారు టీకాల్లో ఉచితం. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి ఇచ్చే సూది), రోటావైరస్, పోలియో. బస్తీ దవాఖానలోనో పీహెచ్‌సీలోనో అడగండి. సర్కారు పెంటావాలెంట్‌తో జ్వరం, వాపు కొంచెం ఎక్కువ వస్తాయని ప్రైవేటుకి పోతరు చాలామంది. నిజమే, మా పాపకి ఒకరోజు జ్వరం వచ్చింది. పారాసిటమాల్ చుక్కలు బరువుని బట్టి ఎంత వేయాలో ముందే రాయించుకున్నం, తగ్గింది.

డాలస్_పిన్ని

మీ మిత్రుడి 42 వస్తువుల లిస్టు చూస్తే మా దగ్గర సీమంతం పిలుపుతో పాటు పంపే రిజిస్ట్రీ, అంటే కానుకల లిస్టు, గుర్తొచ్చింది. నేను అందులో చాలావాటిని వదిలేశాను. స్ట్రోలర్, క్రిబ్, బట్టలు అన్నీ బై నథింగ్ గుంపులో పొరుగువాళ్ళ దగ్గర ఉచితంగా తీసుకున్నాం. కొత్తది కొన్నది కార్ సీట్ ఒక్కటే. ఇక్కడ అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ చట్టం ప్రకారం అది తప్పనిసరి. పాతది తీసుకుంటే అది ఏ ప్రమాదంలో దెబ్బతిందో తెలియదు, పైగా దానికి గడువు తేదీ కూడా ఉంటుంది. అడిగి తెచ్చుకోకూడనిది నా దృష్టిలో అదొక్కటే.

కూకట్‌పల్లి_కాబోయే_నాన్న

మాకు కారు లేదు పిన్నిగారూ, బైకే.

పిల్లల_వార్డు_సిస్టర్

బైక్ అన్నారు కాబట్టి ముందు దాని గురించి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 9 నెలల నుంచి 4 ఏళ్ళ పిల్లల్ని బైక్ మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టే సేఫ్టీ హార్నెస్, పిల్లలకి హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. తొమ్మిది నెలలలోపు బిడ్డ అసలు బైక్ ఎక్కకపోతేనే మంచిది. టీకాలకి ఆటోలో వెళ్ళండి. ఆ ఆటో డబ్బులు కూడా మీ 15 వేలలో రాసుకోండి.

నేను పదకొండేళ్ళుగా పిల్లల వార్డులో పని చేస్తున్నాను. మీ మిత్రుడి లిస్టులో స్టెరిలైజర్, వార్మర్ రెండూ పాలసీసా చుట్టూ తిరిగేవి. మొదటి ఆరు నెలలు తల్లిపాలే అయితే సీసాతో పని లేదు, సీసా లేకపోతే ఆ రెండూ అక్కర్లేదు. మన దేశంలో పాలసీసాలకి, డబ్బాపాలకి ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే చట్టం వచ్చింది. పిండిన పాలు పట్టాల్సి వస్తే మీ అత్తగారు చెప్పిన ఉగ్గు గిన్నె చాలు. నెలలు నిండని పిల్లలకి మా వార్డులో పట్టేది దానితోనే. మూల లేని నున్నటి స్టీలుది చూసి కొనండి, సందుల్లో పాలు పేరుకోకూడదు. ప్రతిసారీ మరిగించాలి.

కొనాల్సింది ఒకటుంది. డిజిటల్ థర్మామీటర్, రెండు మూడు వందల్లో వస్తుంది. మూడు నెలలలోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నా, దాటినా ఇంట్లో మందు వేసి చూడకూడదు, వెంటనే ఆసుపత్రికి రావాలి. నుదుటి మీద చెయ్యి పెట్టి "కొంచెం వెచ్చగా ఉంది" అనుకుంటూ రెండు రోజులు ఆగి వచ్చినవాళ్ళని చూశాను. అందుకే దీని గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పౌడరు వద్దు, ముక్కులోకి పోతుంది. కాటుకలో సీసం ఉండవచ్చు, కంటికి పెట్టకండి. గ్రైప్ వాటర్ అక్కర్లేదు. ఏడాదిలోపు తేనె చుక్క కూడా నాకించకండి. వాకర్ కొనకండి. పిల్లలు మెట్ల మీంచి పడుతున్నారని కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. ఇవి వదిలేస్తే డబ్బూ మిగులుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

గుంటూరు_అమ్మమ్మ

సిస్టరమ్మా, కాటుక దిష్టికి అరికాల్లో పెడతాం లెమ్మా, కంటికి వద్దంటే మానేస్తాం. మరి చీర ఉయ్యాల సంగతి చెప్పు. క్రిబ్ కొనమని మాత్రం అనకు.

పిల్లల_వార్డు_సిస్టర్

క్రిబ్ అవసరం లేదమ్మా. చీర ఉయ్యాలలో మీరు పక్కన కూర్చుని ఊపుతూ ఉంటే, కళ్ళెదుట కాసేపు పడుకోబెట్టండి. రాత్రంతా మాత్రం వద్దు. అందులో నడుము వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, పసిబిడ్డకి ఊపిరి అందకపోవచ్చు. గట్టిగా, సమంగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు వద్దు, బొమ్మలు వద్దు, పైన గొడుగు దోమతెర. ఉయ్యాల కట్టే కొక్కెం కూడా ఒకసారి చూపించుకోండి, అద్దె ఇళ్ళలో స్లాబ్ కొక్కేలు తుప్పు పట్టి ఉంటాయి. సాంబ్రాణి పొగ కూడా బిడ్డకి పట్టొద్దమ్మా, జుట్టు తుడిచి ఆరనిస్తే సరిపోతుంది.

ఒంగోలు_చదువరి

నేను మామూలుగా రాయను. "ముందే కొనొద్దు" అనే మాటని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. మా మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పటికే ఉయ్యాల, చొక్కాలు, బొమ్మలు కొని గదిలో సర్దాం. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి ఆ తలుపు తీసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. రెండోసారి ఏమీ కొనలేదు. అమ్మ పాత చీరలు ఉతికి మడిచి పెట్టింది, అంతే. బాబు పుట్టాక పదకొండో రోజు పురుడయ్యేదాకా పాత బట్టలే వేశాం. ఆ పదకొండు రోజుల్లో ఏది కావాలో, ఏది అక్కర్లేదో వాడే నేర్పాడు. బారసాలకి చుట్టాలు తెచ్చినవి చూసుకుని మిగతావి కొన్నాం.

నిజాంపేట_అక్క

మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తమ్ముడూ, మీ అత్తగారి మాట ఈ విషయంలో వినండి. థర్మామీటరు, పురిటి సంచిలో రెండు ప్యాడ్ల కట్టలు, ఒక చిన్న డైపర్ ప్యాక్, ఇవి మాత్రం ముందే ఉంచుకోండి. మిగతావి ఫోన్‌లో ఆర్డరిస్తే మర్నాడే వస్తాయి.

కూకట్‌పల్లి_కాబోయే_నాన్న

అందరి మాటలూ మా ఆవిడకి ఫోన్లో చదివి వినిపించాను. నిజాంపేట అక్క రాసింది విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను అడగాలనుకుని ఊరుకున్నది అదే" అంది. గుడ్డలకి ఒప్పుకుంది తను ఇష్టపడి కాదు, నా జీతం చూసి.

అందుకని ఇలా అనుకున్నాం. పగలు గుడ్డలు, రాత్రికి డైపర్. బట్టలు మా అన్నయ్య కూతురివి ఉన్నాయి, వదిన ఇస్తానంది. టీకాలు బస్తీ దవాఖానలో. క్రిబ్, స్ట్రోలర్, స్టెరిలైజర్, వాకర్ కొనం. ఆ 15 వేలలో 10 వేలు పెట్టి వాషింగ్ మెషీన్ తీసుకుందామనుకుంటున్నాం. ఇప్పటిదాకా మా ఇంట్లో మెషీన్ లేదు, బకెట్లోనే.

లెక్కల_మాస్టారు

ఒక్క మాట. మెషీన్‌కి 10 వేలు పోతే చేతిలో ఉండేది 5 వేలు. బిడ్డకి ఒక్కసారి ఒంట్లో బాగాలేకపోతే అది చాలదు. నేనైతే ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచి, రెండు గుడ్డల బదులు రెండు డైపర్లు అదనంగా వేస్తాను.

నిజాంపేట_అక్క

మాస్టారూ, మీ లెక్కలోనే అదనపు రెండు డైపర్లు నెలకి 540. ఏడాదిన్నర దాటితే మెషీన్ ఖరీదు వచ్చేస్తుంది, మెషీన్ మాత్రం ఆ తర్వాత కూడా ఉంటుంది. ఆసుపత్రి ఖర్చుకి వేరే దారి చూడాలన్నది నిజమే.

కూకట్‌పల్లి_కాబోయే_నాన్న

ఆసుపత్రికని నెలకి వెయ్యి పక్కన పెట్టడం ఈ నెల నుంచే మొదలుపెడతాను మాస్టారూ. అక్కా, మా ఇల్లు మూడో అంతస్తు, కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయి. ఏ మెషీన్ పనిచేస్తుంది?

నిజాంపేట_అక్క

సెమీ ఆటోమేటిక్ తీసుకోండి. నీళ్ళు రాకపోతే బకెట్‌తో పోసుకోవచ్చు, ధర కూడా తక్కువ. దొడ్డి గుడ్డల్ని ముందు చన్నీళ్ళలో జాడించి వేయండి, వేడినీళ్ళయితే మరక పట్టేస్తుంది. సబ్బు పొడి తక్కువ వేసి రెండుసార్లు నీళ్ళు మార్చండి. సువాసనకి కంఫర్ట్ లాంటివి పోయకండి, గుడ్డ తడి పీల్చదు. పక్కన తిప్పే డబ్బాలో పిండితే వానాకాలంలో కూడా ఫ్యాన్ కింద సాయంత్రానికి ఆరతాయి.